ఆ దీవి మీద పదివేల మంది ఉన్నారు: తెలుగు పత్రికల, చానెళ్ల సంపాదకులకు బహిరంగ లేఖ

విజయవాడ కేంద్రంగా వార్తలు రాసే, చూపించే సంపాదకులందరికీ నమస్కారం.

2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢాకా వదిలి మన దేశానికి వచ్చేశాక, ఓ వారం పది రోజులు మన టీవీల్లో ఒక దీవి పేరు మార్మోగింది. సెయింట్ మార్టిన్. బంగాళాఖాతం మ్యాపు మీద ఎర్ర చుక్క, దాని చుట్టూ బాణాలు, పైన యుద్ధవిమానాల బొమ్మలు. ఆ దీవిని అమెరికాకు ఇవ్వనన్నందుకే ఆమె పదవి పోయిందని ఒకరు, చైనాను కట్టడి చేయడానికి అక్కడ స్థావరం కావాలని ఇంకొకరు, మన అండమాన్‌కి ముప్పని మరొకరు. నేను రోజూ వార్తలు చూసే మనిషిని. ఆ వారమంతా చూశాను. ఆ దీవిలో ఎవరైనా కాపురం ఉంటున్నారా, వాళ్లు ఏం తింటున్నారు, ఎలా బతుకుతున్నారు అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ ప్రశ్న కోసమే.

ముందు ఆ కథనం సంగతి చెప్పి పక్కన పెడతాను. దీవిని లీజుకిస్తే తాను అధికారంలో కొనసాగడానికి ఇబ్బందేమీ ఉండదని హసీనా 2023 జూన్‌లో అన్నమాట నిజం. అలాంటి చర్చే జరగలేదని అమెరికా విదేశాంగ శాఖ అప్పుడే చెప్పింది. దీవిని అమెరికాకు ఇవ్వనన్నందుకే పదవి పోయిందంటూ 2024 ఆగస్టు 11న ఆమె పేరుతో వచ్చిన ప్రకటన వేరు. అది మా అమ్మ ఇచ్చింది కాదని ఆమె కొడుకు సజీబ్ వాజెద్ ఆ రోజే ఖండించాడు. దీవిని ఎవరికీ లీజుకివ్వడం లేదని ఆ తర్వాత వచ్చిన తాత్కాలిక ప్రభుత్వమూ చెప్పింది. ఆ ప్రకటన మీద నేను చూసిన చర్చలు గంటల తరబడి సాగాయి. ఖండన మాత్రం స్క్రోలింగ్‌లో కూడా నా కంట పడలేదు.

దాని ఫలితం నా తరగతి గదిలోకి వచ్చింది. నేను విజయవాడలో హైస్కూల్లో సోషల్ చెప్తాను. పదో తరగతి పిల్లవాడొకడు లేచి, "టీచర్, ఆ దీవిని అమెరికా కొనేసిందంట కదా, ఎంతకి అమ్మారు?" అని అడిగాడు. వాడు తెలివైనవాడు, వార్తలు చూసే అలవాటున్నవాడు. అట్లాసు తెరిచి ఆ దీవి ఎక్కడుందో చూపించబోతే, మా స్కూలు అట్లాసులో దానికి చుక్క కూడా లేదు. బంగ్లాదేశ్ కొసన, నాఫ్ నది సముద్రంలో కలిసేచోట పెన్సిలుతో గుర్తు పెట్టాను. "అక్కడ మనుషులుంటారా టీచర్?" అని వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి అడిగింది. పదిహేనేళ్ల పిల్లకి తట్టిన ప్రశ్న అది.

ఉంటారు. సుమారు పదివేల మంది. దీవి మొత్తం కలిపి దాదాపు 8 చదరపు కిలోమీటర్లు. మన విజయవాడ నగరం 61.88 చదరపు కిలోమీటర్లు కాబట్టి, మన ఊళ్లో ఎనిమిదో వంతు. బంగ్లాదేశ్‌కి పగడపు దిబ్బలున్న దీవి అదొక్కటే. కొబ్బరిచెట్లు విపరీతం. అక్కడివాళ్లు దాన్ని నారికేల్ జింజిరా అంటారు. వేట, ఎండుచేపలు, కొబ్బరి, కాస్త పుచ్చతోట, శీతాకాలంలో టూరిస్టులు. ఇదే వాళ్ల బతుకు. వరి అక్కడ చాలినంత పండదు. బియ్యం, పప్పు, ఉల్లిపాయలు, నూనె, గ్యాస్ బండ, మందులు అన్నీ టెక్నాఫ్ నుంచి పడవ మీద రావాల్సిందే. పెద్ద జబ్బు చేస్తే రోగి కూడా పడవెక్కాల్సిందే.

ఆ పడవ దారి గురించి కాస్త వివరంగా చెప్పాలి. కథంతా అక్కడే ఉంది.

టెక్నాఫ్ అనేది బంగ్లాదేశ్‌కి తోకలా దక్షిణానికి దిగిన నేల. దాని కొస నుంచి దీవి 9 కిలోమీటర్ల దూరం. ఇటు మయన్మార్ ఒడ్డు నుంచి చూస్తే 8 కిలోమీటర్లే. టెక్నాఫ్‌కీ మయన్మార్‌కీ మధ్య నాఫ్ నది పారుతుంది, అదే సరిహద్దు. పడవలు టెక్నాఫ్ దగ్గర బయల్దేరి నదిలో దిగువకి వచ్చి, ముఖద్వారం దాటి సముద్రంలోకి వెళ్లాలి. చిక్కంతా ముఖద్వారం దగ్గరే. బంగ్లాదేశ్ వైపు ఇసుక మేట వేసి లోతు తగ్గిపోయింది. లోతున్న కాలువ మయన్మార్ వైపు ఉంది, నాయ్ఖాంగ్‌దియా అనే చోట. సరుకు వేసుకున్న పడవ ఇసుకలో కూరుకుపోకుండా వెళ్లాలంటే ఆ ఒడ్డుకి దగ్గరగా పోవాలి. రోజులు బాగున్నప్పుడు ఇది ఎవరికీ పట్టదు. పడవ నడిపేవాళ్లు తరతరాలుగా ఆ నీళ్ల మీదే తిరుగుతున్నారు. అవతలి ఒడ్డున తుపాకులు పట్టుకున్నవాళ్లు ఒకరితో ఒకరు కొట్టుకోవడం మొదలుపెట్టిన రోజున మాత్రం, ఈ పదివేల మంది అన్నం తుపాకీ గురికి అందేంత దూరంలోంచి వెళ్లాలి.

ఆ రోజు వచ్చింది. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి 1న సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిందని మీరంతా రాశారు. ఆంగ్ సాన్ సూచీ ఫొటో వేశారు. ఆ తర్వాత ఆ దేశంలో రగిలిన అంతర్యుద్ధం మీద మన దగ్గర వచ్చిన వార్తలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. పశ్చిమాన రఖైన్ రాష్ట్రంలో అరకాన్ ఆర్మీ అనే సాయుధ దళం 2023 నవంబరు 13న సైన్యం మీద మళ్లీ దాడులు మొదలుపెట్టింది. 2024 ఫిబ్రవరి నాటికి పోరు సరిహద్దు దాకా వచ్చింది. ఆ 5వ తేదీన మోర్టారు గుండు సరిహద్దు దాటొచ్చి బందర్‌బన్ జిల్లాలో ఒక ఇంటి మీద పడి ఇద్దరు చనిపోయారు. అరకాన్ ఆర్మీ దెబ్బకి మయన్మార్ సరిహద్దు పోలీసులే బంగ్లాదేశ్‌లోకి పారిపోయి వచ్చారు. ఫిబ్రవరి 15న వెనక్కి పంపేటప్పటికి వాళ్లు, వాళ్లతో వచ్చినవాళ్లు కలిపి 330 మంది. అవతల బాంబులు పడుతుంటే ఇవతల టెక్నాఫ్ ఊళ్లల్లో ఇళ్లు అదిరేవి.

2024 జూన్ 5. సెయింట్ మార్టిన్‌లో ఉపజిల్లా ఎన్నికలు ముగించుకుని అధికారులు టెక్నాఫ్‌కి తిరిగొస్తున్న పడవ మీద మయన్మార్ వైపు నుంచి కాల్పులు జరిగాయి. తర్వాత కొద్ది రోజుల్లోనే సరుకు పడవ మీద, స్పీడ్‌బోటు మీద కూడా కాల్చారు. పడవలు ఆగిపోయాయి. దీవికి వెళ్లేవి లేవు, దీవి నుంచి వచ్చేవి లేవు. వారం దాటింది.

అది జూన్ నెల అని గుర్తుపెట్టుకోండి. నైరుతి రుతుపవనాలు వచ్చేశాయి, సముద్రం పోటు మీదుంది. నాఫ్ ముఖద్వారం దారి వదిలేసి చుట్టూ తిరిగి పోదామంటే, చిన్న చెక్క పడవలు ఆ అలలకి తట్టుకోలేవు. పైగా 17న బక్రీదు. కొట్లలో సరుకు నిండుకుంది. ఉన్న బియ్యానికి, కూరగాయలకి, గుడ్లకి ధర పెరిగిపోయింది. కూలీనాలీ చేసుకునేవాళ్లు, రోజూ వేటకి పోతే తప్ప పొయ్యి వెలగనివాళ్లు ఆ ధర ఎక్కణ్నుంచి తెస్తారు? వేటకి పోదామంటే అదే సముద్రం మీద మయన్మార్ యుద్ధనౌకలు దీవికి కనిపించేంత దగ్గర్లో నిలబడి ఉన్నాయి. టెక్నాఫ్‌కి పని మీద వెళ్లి అక్కడ చిక్కుకుపోయినవాళ్లు కొందరు, దీవిలో ఇరుక్కుపోయినవాళ్లు కొందరు. చివరికి జూన్ 14న టెక్నాఫ్‌కి ఉత్తరాన ఉన్న కాక్స్ బజార్ నుంచి బారో ఆవులియా అనే ఓడ బియ్యం, పప్పులు, నూనె వేసుకుని సముద్రం మీదుగా వెళ్లింది.

ఆ పది రోజుల్లో మీ అంతర్జాతీయ పేజీల్లో ఈ దీవి లేదు. రెండు నెలల తర్వాత ఆగస్టులో వచ్చింది, విమానాల బొమ్మలతో.

ఇలాంటి వార్త రాయడం మీకు చేతకాదని నేను అనడం లేదు. మీకు బాగా చేతనవును. నాగాయలంక మండలంలో ఎదురుమొండి దీవి ఉంది. కృష్ణ దాటాలంటే ఏటిమొగ రేవులో పంటు ఎక్కాలి. వరద వచ్చో, గాలి ఎక్కువయ్యో, మరమ్మతు వచ్చో పంటు ఆగిన రోజున మీ జిల్లా పేజీ చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. పురిటి నొప్పులు వచ్చిన మనిషిని ఎలా దాటించారు, స్కూలు పిల్లలు ఏ ఒడ్డున ఉండిపోయారు, పాలు, కూరగాయలు ఎంతకి అమ్ముతున్నారు, రేషను బియ్యం ఎప్పుడొస్తాయి, వంతెన మాటిచ్చినవాళ్లు ఎక్కడున్నారు. ఊరి పేరుతో, మనిషి మాటతో సహా రాస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మీ విలేకరులు పీకల్లోతు నీళ్లలో దిగి, పాల ప్యాకెట్ ఎంతకి అమ్ముతున్నారో, పడవ ఎక్కించడానికి ఎంత అడుగుతున్నారో చెప్పారు. ఆ చూపు మీ దగ్గర ఉంది. దాన్ని సరిహద్దు దగ్గర ఆపేయొద్దని నా మనవి. ఏటిమొగ రేవులో నిలబడి మీరు అడిగే ప్రశ్నలే టెక్నాఫ్ రేవుకీ సరిపోతాయి.

జూన్‌తో అయిపోయింది అనుకుంటున్నారేమో, అవలేదు. 2024 అక్టోబరు 9న సెయింట్ మార్టిన్ దగ్గర వేటాడుతున్న పడవల మీద మయన్మార్ నౌకాదళం కాల్పులు జరిపింది. ఒక జాలరి చనిపోయాడు. పడవల్ని, అందులో ఉన్నవాళ్లని పట్టుకెళ్లి మర్నాడు వదిలారు. డిసెంబరు 8న నాఫ్ నదికి అవతల ఉన్న మౌంగ్‌డా పట్టణం అరకాన్ ఆర్మీ చేతికి వచ్చింది. దాంతో బంగ్లాదేశ్‌తో ఉన్న 271 కిలోమీటర్ల సరిహద్దు పొడవునా మయన్మార్ ప్రభుత్వం అనేదే లేకుండా పోయింది. అంటే, పడవ పట్టుకుంటే ఢాకా ఎవరికి ఫోన్ చేయాలి? మన పెద్దలు రంగం అని పిలిచిన రంగూన్‌లో, రాజధాని నేపిడాలో ఉన్నవాళ్ల మాట అక్కడ చెల్లదు. చెల్లే మాట ఉన్నవాళ్లకి ఏ దేశమూ గుర్తింపు ఇవ్వలేదు. 2025 పొడవునా నాఫ్ ముఖద్వారం దగ్గర జాలర్లని పడవలతో సహా అరకాన్ ఆర్మీ పట్టుకెళ్లడం పదేపదే జరిగింది. ఇంట్లో ఆడవాళ్లు ఒడ్డున కూర్చుని ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు.

ఈ బాధ మనకి కొత్త కాదు. 2018 నవంబరులో మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు గుజరాత్ తీరంలో వేటకి వెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కితే, 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి వచ్చేదాకా మీరు వదల్లేదు. ఏ ఊరివాళ్లు, ఇంట్లో ఎవరున్నారు, పడవ యజమాని ఏమన్నాడు, అన్నీ రాశారు. జాలరి దారి తప్పడానికి సముద్రం మీద గీత కనిపించకపోవడమే కారణమని మన పాఠకులకి అర్థమయ్యేలా చెప్పింది మీరే. సెయింట్ మార్టిన్ జాలరికీ అదే కారణం. అతనికి ఇంకో కష్టం అదనం. గీతకి అవతల ఈ నెల ఎవరి రాజ్యమో అతనికి తెలియదు.

టూరిస్టుల సంగతి కూడా చెప్పాలి. ఇందులో తప్పెవరిదని ఒక్క మాటలో తేల్చడం కష్టం. ఆ పగడపు దిబ్బల్ని బంగ్లాదేశ్ 1999లోనే పర్యావరణపరంగా ప్రమాదంలో ఉన్న ప్రాంతంగా ప్రకటించింది. 2022 జనవరిలో చుట్టూ 1,743 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతం చేసింది. హోటళ్లు, ప్లాస్టిక్, జనరేటర్లు, పగడాలు పీకి అమ్ముకోవడం, ఇవన్నీ దీవిని తినేస్తున్నమాట నిజం. అందుకే 2024 చివర్లో తాత్కాలిక ప్రభుత్వం కట్టడి పెట్టింది. నవంబరులో వెళ్లొచ్చు గానీ రాత్రి ఉండకూడదు. డిసెంబరు, జనవరిల్లో రోజుకి 2,000 మందికి మించకూడదు. ఫిబ్రవరి నుంచి పూర్తిగా మూత. టీచరుగా చెప్తున్నాను, పగడాలు పోతే దీవే పోతుంది, కాబట్టి ఆ నిర్ణయం వెనక ఉన్న భయాన్ని నేను కాదనను. అదే సమయంలో టెక్నాఫ్ దారి ప్రమాదమని టూరిస్టు ఓడల్ని కాక్స్ బజార్ నుంచి నడపాల్సి వచ్చింది. రెండున్నర, మూడు గంటల ప్రయాణం కాస్తా ఆరు గంటల పైమాట అయింది. పొద్దున వెళ్లి రాత్రికి ఉండకుండా రావాలంటే పగలంతా ఓడలోనే సరిపోతుంది. ఇంకెవరు వెళ్తారు?

ఒక కుటుంబం వైపు నుంచి చూడండి. నాలుగు నెలల సీజన్లో తోపుడుబండి మీద కొబ్బరిబోండాలు, వేయించిన చేపలు అమ్మి ఏడాదంతా నెట్టుకొచ్చేవాళ్లు. 2023 మే 14న మోచా తుపాను ఇళ్లు లేపేసింది. అప్పు చేసి కప్పు వేసుకున్నారు. 2024లో తుపాకులు దారి మూశాయి, వేట తగ్గింది. ఆ ఏడాది చివర్లోనే సీజను కుదించుకుపోయింది. ఒక్కో దెబ్బకి ఒక్కో కారణం ఉంది, ఒక్కో కారణానికి ఒక్కో మంత్రిత్వశాఖ ఉంది. దెబ్బలన్నీ తినే ఇల్లు మాత్రం ఒక్కటే. పైగా ఈ కట్టడి అంతా దీవిని అమెరికాకి అప్పగించడానికే అన్న పుకారు వాళ్ల మధ్యే తిరిగింది. ఖాళీ చేయిస్తారేమో అన్న భయంతో ఇల్లు బాగుచేసుకోవాలో వద్దో తెలియని స్థితిలోకి మనుషుల్ని నెట్టే పుకారు అది. అదే పుకారు మన చానెళ్లలో చర్చాకార్యక్రమం అయింది. వాళ్లకి మన తెలుగు రాదు, మన చర్చ వాళ్ల చెవిన పడదు. అయినా ఒక ఊరి భయాన్ని మనం వినోదంగా చూశామన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

"పక్క దేశానికి పక్క దేశం, దానికి కొసన ఒక దీవి. మన పాఠకుడికి ఎందుకు?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆ నీళ్లతో మనకి సంబంధం ఉంది.

మా తాత అక్యాబులో బియ్యం మిల్లులో పనిచేశాడు. ఇప్పుడు దాన్ని సిట్వే అంటున్నారు, రఖైన్ రాజధాని. అప్పట్లో కోస్తా జిల్లాల నుంచి రంగం వెళ్లని ఊరు లేదు. రేవులో మూటలు మోసింది, మిల్లుల్లో ధాన్యం ఆడింది, రిక్షా లాగింది మనవాళ్లే. 1930 మేలో రంగం రేవు గొడవల్లో తెలుగు కూలీల మీద దాడులు జరిగి వందమందికి పైగా చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపాన్ రంగం మీద బాంబులు వేశాక లక్షలమంది కాలినడకన బయల్దేరారు. కొందరు ప్రోము నుంచి తౌంగుప్ కనుమ దాటి సముద్రం చేరి, అక్కణ్నుంచి పడవల మీద అక్యాబు, అక్యాబు నుంచి చిట్టగాంగు చేరారు. ఆ దారి పొడవునా కలరా. మా తాతవాళ్లు కూడా 1942లో అక్యాబు నుంచి చిట్టగాంగుకి పడవలోనే వచ్చారు. అక్కడి నుంచి కలకత్తా, కలకత్తా నుంచి మెయిలెక్కి బెజవాడ. అక్యాబు నుంచి చిట్టగాంగుకి తీరం వెంబడి వచ్చే ఏ పడవైనా సెయింట్ మార్టిన్ పక్కనుంచి రావాల్సిందే. 1962లో నె విన్ అధికారం లాక్కుని, 1964లో దుకాణాలు జాతీయం చేసి పెద్ద నోట్లు రద్దు చేశాక మరో విడత వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఆ తరం కట్టుకున్నదే. అంటే, అక్కడి పాలకులు తిరగబడ్డప్పుడల్లా ఇవతల ఒడ్డున ఎవరి బతుకులు తలకిందులవుతాయో తెలుగువాళ్లకి సొంత అనుభవం.

ఇంకా వెనక్కి వెళ్తే, ఇంగ్లీషువాళ్లు బర్మా మీద చేసిన మొదటి యుద్ధానికి నిప్పు అంటుకున్నది నాఫ్ ముఖద్వారంలోనే. సెయింట్ మార్టిన్‌కి ఎదురుగా ఉన్న షాపురి అనే చిన్న దీవి ఎవరిదన్న తగాదా 1823లో మొదలైంది. 1824లో రంగం మీదికి పంపిన సేనలో చాలాభాగం మద్రాసు ప్రెసిడెన్సీ సిపాయిలు. ఆ దళాల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ సంగతి నేను తరగతిలో చెప్తే పిల్లలు ఎంత ఆసక్తిగా వింటారో మీరు చూడాలి.

పాత కథలు వద్దంటారా, వ్యాపారం చూడండి. 2020 జులైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి 384 టన్నుల ఎండుమిర్చితో ఒక ప్రత్యేక పార్సిల్ రైలు బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కి వెళ్లింది. మన రైల్వే ప్రత్యేక పార్సిల్ రైలు దేశం సరిహద్దు దాటడం అదే మొదలు. అక్కడ గొడవ అయితే గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారి మొదట అడిగేది సరిహద్దు తెరిచారా అనే. ఢాకా గొడవ మన మిర్చి ధరని కదిలించగలిగినప్పుడు, రఖైన్ గొడవ ఒక దీవిలో బియ్యం ధరని ఎలా కదిలించిందో మన పాఠకుడికి చెప్తే అర్థం కాదా? మీకన్నా నాకు పాఠకుడి మీద నమ్మకం ఎక్కువేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఎవరినీ టెక్నాఫ్ పంపమనడం లేదు. ఢాకా పత్రికలు ఇంగ్లీషులోనూ, బెంగాలీలోనూ రోజూ నెట్‌లో దొరుకుతాయి. టెక్నాఫ్, కాక్స్ బజార్ విలేకరులు రాసే వార్తలు వాటిలో ఉంటాయి. ఎన్ని పడవలు వెళ్లాయి, ఎంతమందిని పట్టుకెళ్లారు, ఎంతమంది తిరిగొచ్చారు అన్నీ రాస్తారు. బెంగాలీ చదివి చెప్పేవాళ్లు కావాలంటే మన వన్‌టౌన్‌లో బంగారం పనిచేసే బెంగాలీ కుర్రాళ్లు ఎంతమంది లేరు! మీ డెస్కులో ఒక్కరికి ఈ బాధ్యత అప్పగించండి. రఖైన్‌లో యుద్ధం వార్త వేసేటప్పుడు, ఆ పక్కనే సెయింట్ మార్టిన్‌కి ఆ వారం పడవలు నడిచాయా లేదా అని ఒక్క పేరా కలపండి. కాల్పుల్లో పోయినవాడు జాలరి అయితే జాలరి అనే రాయండి. నదిలో పడవ మీద దొరికిన ప్రతి ఒక్కరినీ చొరబాటుదారుడనీ, స్మగ్లరనీ శీర్షికలోనే తీర్పు చెప్పేయకండి. ఆ నది మీదా, సరిహద్దు నేల దారినా 2017 ఆగస్టు నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటారు. ఎవరు దేనికి దాటుతున్నారో తెలుసుకున్నాకే మాట వాడాలి.

చివరిగా ఒకటి. దీవిని ఎవరికో ఇచ్చేస్తున్నారన్న వార్త మళ్లీ వస్తుంది, ఎన్నికలప్పుడో, ఇంకో పెద్ద నాయకుడి ప్రసంగం తర్వాతో. ఆ రోజు చర్చకి కూర్చునే నలుగురిలో కనీసం ఒకరు ఆ తీరాన్ని, ఆ ప్రజల్ని ఎరిగిన మనిషి అయ్యేలా చూడండి. ఖండన వస్తే, వార్తని ఏ సమయంలో ఎంతసేపు చూపించారో ఖండనని కూడా అదే సమయంలో అంతసేపు చూపించండి. ఏటా టూరిస్టు సీజను మొదలయ్యేటప్పుడు ఒక్కసారైనా ఆ దీవి గురించి సగం పేజీ ఇవ్వండి. అక్కడ కిలో బియ్యం ఎంతుంది, గ్యాస్ బండ ఎంతకి వస్తోంది, పట్టుకెళ్లిన జాలర్లలో ఎంతమంది ఇంటికి చేరారు, ఈ మూడూ ఉంటే చాలు. మీరు వేస్తే ఆ పేజీ మా పదో తరగతి గోడకి అంటిస్తాను.

ఇట్లు,
ఒక సోషల్ టీచరు,
సత్యనారాయణపురం, విజయవాడ